కొవ్వొత్తియా, దీపమా? – సంఘకాపరి విశ్రాంతిపై ఒక విమర్శనాత్మక పరిశీలన

మన తెలుగు సంఘములలో సేవకుని అభిషేక ఆరాధనలోను, భూస్థాపన కూడికలోను తప్పక వినబడే ఉపమానము ఒకటి ఉన్నది. సేవకుడు కొవ్వొత్తి వంటివాడు, తాను కరిగిపోతూ ఇతరులకు వెలుగునిస్తాడు అన్నదే ఆ ఉపమానము. అభిషేకము రోజున అది ఆశీర్వాదముగా పలుకబడుతుంది. భూస్థాపన రోజున అదే మాట బిరుదుగా మారుతుంది. ఈ రెండు రోజుల మధ్య ఆ మనిషి నిద్రపోయాడా, వేళకు భోజనము చేశాడా, బి.పి. మాత్ర వేసుకున్నాడా అని అడిగినవారు తక్కువ. వినుటకు ఇంపుగా ఉన్నందున ఈ ఉపమానమును ఎవరూ పరీక్షకు పెట్టలేదు. ఇది వాక్యానుసారమైనదేనా, మన పరిచర్యను ఏ దారిలో నడిపిస్తున్నది అని పరిశీలించుటే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఉపమానము ఎక్కడిది?

పరిశుద్ధ గ్రంథములో ప్రత్యక్ష గుడారములో గాని, సామాన్యుల ఇండ్లలో గాని వెలిగినవి నూనె దీపములు. 1611లో కింగ్ జేమ్స్ అనువాదకులు తమ దేశపు అలవాటు చొప్పున వాటిని కొవ్వొత్తులుగాను, కొవ్వొత్తి నిలిపే స్తంభములుగాను వ్రాశారు. మన తెలుగు అనువాదకులు ఈ విషయములో ఎక్కువ జాగ్రత్త చూపారు. నిర్గమకాండములో దీపవృక్షము అనియు, ప్రకటన గ్రంథములో దీపస్తంభము అనియు ఉంచారు. బాప్తిస్మమిచ్చు యోహానును గురించి ప్రభువు చెప్పిన చోట (యోహాను 5:35) ఉన్న గ్రీకు పదము లుఖ్నోస్, అనగా నూనె దీపము. గ్రంథములో దీపముగానే ఉన్నదానిని కొవ్వొత్తిగా మార్చినది మన ప్రసంగ వేదికయే.

తేడా చిన్నది కాదు. కొవ్వొత్తికి తన దేహమే ఇంధనము. అది ఎంత బాగా వెలిగితే అంత త్వరగా అయిపోతుంది. దీపము సంగతి వేరు. ప్రమిద అలాగే ఉంటుంది, నూనె కాలుతుంది, ఆ నూనె బయటనుండి రావాలి. ఎవరు తేవాలి? నిర్గమ 27:20, లేవీయకాండము 24:2 ప్రకారము ఒలీవ నూనెను తేవలసినవారు ఇశ్రాయేలీయులు. అహరోను పని సాయంకాలము మొదలు ఉదయము వరకు దీపమును చక్కపరచుట. అంటే నూనె పోయవలసిన బాధ్యత సమాజముది. యాజకుడు తన్ను తానే నూనెగా పోసుకోవాలని ధర్మశాస్త్రము ఎక్కడా అడుగలేదు. జెకర్యా 4వ అధ్యాయములోని దర్శనములోనైతే దీపస్తంభమునకు ఇరుప్రక్కల ఒలీవచెట్లే నిలిచి, గొట్టముల ద్వారా నూనె దిగుతున్నది. అక్కడ కూడా దీపము తన్ను తాను తినివేసుకొనుట లేదు.

మరి ఈ కరిగిపోయే ఆదర్శము ఎక్కడిది? మిషనరీ జీవిత చరిత్రల పాలు దీనిలో ఎంతో ఉన్నది. 1806లో కలకత్తాకు వచ్చిన హెన్రీ మార్టిన్ దేవుని కొరకు కాలిపోవాలని తన దినచర్య గ్రంథములో వ్రాసుకున్నాడు. క్రొత్త నిబంధనను ఉర్దూ, పారసీక భాషలలోనికి అనువదించి, 1812లో 31వ ఏట టోకాట్‌లో మరణించాడు. ఆయన సేవను తక్కువ చేయుట నా ఉద్దేశము కాదు. అయితే ఒక వింత గమనించండి. మార్టిన్ ఆంగ్లములో ఘనతగా వాడిన మాటనే 1974లో న్యూయార్క్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్, ఉచిత వైద్యశాలలో స్వచ్ఛందముగా శ్రమించి కుప్పకూలిపోతున్న కార్యకర్తల స్థితికి పేరుగా పెట్టాడు. అదే బర్నౌట్. 2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని, పని స్థలములో అదుపు చేయబడక దీర్ఘకాలము సాగిన ఒత్తిడి వలన కలిగే పరిస్థితిగా నిర్వచించింది. ఈ నిర్వచనము కారణమును మనిషి బలహీనతలో కాక పని ఏర్పాటులో వెదకుచున్నది. మన చర్చ కూడా అక్కడికే రావాలి.

మేడ్చల్ రోడ్డు మీది వారము

ఈ వ్యాసకర్త ఎరిగిన మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతమునే తీసుకుందాము. ఒకప్పుడు ఇవి ద్రాక్షతోటలు, వరిమళ్ళు, చెరువులు ఉన్న ఊళ్ళు. తరువాత శామీర్‌పేట వైపు నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము, తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ వచ్చాయి. 2008లో బిట్స్ క్యాంపస్ వచ్చింది. ఔటర్ రింగు రోడ్డు వచ్చింది. 2016లో మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా ఏర్పడింది. మందుల కంపెనీలు, గోదాములు, ఇటుక బట్టీలు, కొత్త వెంచర్లు పెరిగాయి. వాటి వెంట శ్రీకాకుళము నుండి, ఒడిశా నుండి, పాలమూరు నుండి కూలీలు, ఆపరేటర్లు, సెక్యూరిటీ గార్డులు వచ్చారు. వారిలో విశ్వాసులున్నారు. వారి కొరకు రేకుల షెడ్లలోను, అద్దె ఇంటి పై అంతస్తులలోను సంఘములు లేచాయి. ఇది దేవుని కార్యమే, సందేహము లేదు.

అయితే ఆ కంపెనీలు మూడు షిఫ్టులు నడుస్తాయి. విశ్వాసికి వారాంతపు సెలవు ఒక వారము మంగళవారము, ఒక వారము గురువారము. అందుచేత కాపరి ఆదివారము ఉదయము ఆరింటికి డ్యూటీకి పోయేవారి కొరకు ఒక ఆరాధన, పదింటికి మరొకటి, సాయంత్రము ప్రక్క ఊరి బ్రాంచిలో ఇంకొకటి జరిపిస్తాడు. సోమవారము ఆస్పత్రులు. మంగళవారము స్త్రీల కూడిక, బుధ గురువారములు గృహ కూడికలు, శుక్రవారము ఉపవాస ప్రార్థన, నెలాఖరున రాత్రి ప్రార్థన. ఇవిగాక గృహప్రవేశము, పుట్టినరోజు, జ్ఞాపకార్థ కూడిక. రాత్రి రెండు గంటలకు షిఫ్టు దిగిన సహోదరుడు ప్రార్థన కొరకు ఫోను చేస్తాడు. అతనికి అది సాయంకాలమే. కాపరికి మాత్రము అది రాత్రి. పరిశ్రమలో ముగ్గురు మనుష్యులు పంచుకునే దినమును సంఘములో ఒక్కడే మోస్తున్నాడు. కంపెనీకి మూడు షిఫ్టులున్నాయి, కాపరికి ఒకటే షిఫ్టు, దానికి దిగే వేళ లేదు.

పశ్చిమ దేశముల పుస్తకములను చదివి, సోమవారము సెలవు తీసుకోండి అని సెమినార్లలో చెప్పేవారు ఈ వారమును ఒకసారి కాగితము మీద వ్రాసి చూడాలి.

మార్కు 6ను సగము చదువుట

ఇట్టి పరిస్థితిని సమర్థించుటకు మనము సాధారణముగా ఎత్తే వాక్యభాగము మార్కు 6:30–34. అపొస్తలులు పరిచర్య చేసి తిరిగి వచ్చారు, తినుటకైనను తీరిక లేదు. ప్రభువు వారిని ఏకాంత స్థలమునకు రమ్మన్నాడు. ఇంతలో జనులు పరుగెత్తి ముందుగా అక్కడికి చేరారు, ఆయన కనికరపడి బోధించాడు. ఇక్కడ మన ప్రసంగీకుడు గొంతు హెచ్చించి, చూశారా, జనుల అవసరము ముందు ప్రభువే విశ్రాంతిని ప్రక్కన పెట్టాడు అంటాడు. 34వ వచనము చేత 31వ వచనము కొట్టివేయబడినట్లే.

కథ 34తో ముగియలేదు. 45, 46 వచనములు చదవండి. రొట్టెలు పంచిన వెంటనే ప్రభువు శిష్యులను దోనె ఎక్కుడని బలవంతము చేశాడు. గ్రీకులో ఉన్న క్రియ అనంకాజో, నిర్బంధించుట అని అర్థము. జనసమూహమును పంపివేసే పని ఆయనే తన మీద వేసుకున్నాడు. తరువాత ప్రార్థన చేయుటకు కొండకు వెళ్ళాడు. విశ్రాంతి వాయిదా పడింది గాని రద్దు కాలేదు. శిష్యులను జనుల నడుమనుండి తప్పించుటకు ప్రభువు తన అధికారమునే వినియోగించాడు. ఆ రాత్రి వారికి ఎదురుగాలి తగిలిన మాట నిజమే, ఆ రాత్రి వారికి నిద్ర దొరకలేదని వాదించవచ్చు. అయినను జనులను పొమ్మని చెప్పుట కూడా పరిచర్యలో భాగమేనన్న సంగతి అక్కడ స్పష్టముగా ఉన్నది. మన సంఘములలో ఆ పని చేయగల పెద్ద ఎవరు? కాపరి గుమ్మము దగ్గర నిలిచి, ఈ రోజు అయ్యగారు విశ్రాంతిలో ఉన్నారు, నేను మీతో ప్రార్థిస్తాను అని చెప్పగల పెద్దలు ఎన్ని సంఘములలో ఉన్నారు?

పౌలు తన్ను పానార్పణముగా పోయబడుచున్నట్లు చెప్పుకున్నాడు గదా అని అడుగవచ్చు. ఆ మాట ఉన్న ఫిలిప్పీ 2వ అధ్యాయములోనే ఎపఫ్రొదితు కూడా ఉన్నాడు. అతడు పరిచర్య నిమిత్తము చావునకు సమీపమయ్యాడు. పౌలు అతనిని ఇంకా కరిగిపొమ్మనలేదు, ఇంటికి పంపించాడు. అట్టివారిని ఘనపరచుడని సంఘమునకు వ్రాశాడు. జబ్బుపడి తిరిగి వచ్చిన సేవకుని సంఘము ఎట్లు చూడాలో చెప్పే ఈ భాగము మీద ప్రసంగములు వినబడుట అరుదు.

నిర్గమ 18లో యిత్రో మాట ఇంకా సూటియైనది. ఉదయము మొదలు సాయంకాలము వరకు ఒక్కడే కూర్చుండి తీర్పు తీర్చుచున్న మోషేను చూచి, ఇది మంచిది కాదన్నాడు. తెలుగులో నలిగిపోవుట అని ఉన్న చోట హెబ్రీ మూలము నాబల్, ఆకు వాడిపోవుట. మొదటి కీర్తనలో నీతిమంతుని ఆకు వాడదు అన్నప్పుడు వాడబడిన క్రియ కూడా ఇదే. వాడిపోయేది మోషే మాత్రమే కాదు, అతనితోకూడ ప్రజలు కూడా అని యిత్రో అన్నాడు. ఇక్కడ మన వ్యాఖ్యానము మరచిపోయే భాగము ఉన్నది. అలసిన కాపరి యెదుట ఉదయము నుండి వరుసలో నిలువబడిన ప్రజలు కూడా అలసిపోతారు. ఒక్కనిమీదనే ఆధారపడిన సంఘము ప్రార్థించుట నేర్చుకోదు, పరామర్శించుట నేర్చుకోదు.

వెల్లంపల్లి రేవులో

మన చరిత్రలో దీనికి గొప్ప దృష్టాంతము ఉన్నది. అయితే దానిని కూడా మనము సగమే చెప్పుకుంటాము. 1876–78 కరువులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ పనిలో కొంత భాగమును గుత్తకు తీసుకొని ఒంగోలు ప్రాంతపు బీదలకు పని కల్పించాడు. కరువు తగ్గిన తరువాత, 1878 జూలై 3న, ఒంగోలుకు ఉత్తరముగా వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ సంఖ్యను ఎరుగని తెలుగు బాప్టిస్టు లేడు. ఉజ్జీవ కూడికలలో దీనిని చెప్పి, ఒక్క దినములో ఇంత పని చేసిన వారెక్కడ, అలసిపోయామనే మనమెక్కడ అని ప్రశ్నించుట కూడా విన్నాము.

ఆ దినము పని ఎట్లు జరిగిందో క్లౌ తానే వివరించాడు. నీళ్ళలో దిగినది ఆయన కాదు. అభిషేకము పొందిన ఆరుగురు బోధకులు ఉన్నారు. ఒకసారి ఇద్దరు బాప్తిస్మమిచ్చేవారు, వారు అలసినప్పుడు మరి ఇద్దరు వారి స్థలములో దిగేవారు. మధ్యాహ్నము ఎండవేళ పని ఆపారు, రెండు గంటలకు మళ్ళీ మొదలుపెట్టి సాయంకాలమునకు ముగించారు. తెలుగు సంఘ చరిత్రలో అంత ప్రసిద్ధమైన దినము వంతుల చొప్పున, మధ్యాహ్న విశ్రాంతితో జరిగిన దినము. సంఖ్యను మిగుల్చుకొని వంతులను పారవేశాము. సంఘ చరిత్రను బోధించే అధ్యాపకులు ఈ వివరమును పరీక్షలో ఒక ప్రశ్నగానైనా అడిగితే మేలు.

వంతులు అన్నది గుండ్లకమ్మ ఒడ్డున పుట్టిన ఉపాయము కాదు. 1 దినవృత్తాంతములు 24లో యాజకులు ఇరువది నాలుగు తరగతులుగా విభజింపబడ్డారు. లూకా 1లో జెకర్యా అబీయా తరగతివాడు, తన వంతు వచ్చినప్పుడు ధూపము వేశాడు, సేవదినములు ముగియగానే ఇంటికి వెళ్ళాడు. అది కూడా ఎట్టి స్థితిలో? దూతను చూచి, మూగవాడై. మన కాలములోనైతే అంతటి దర్శనము పొందినవానిని ఇంటికి పోనిచ్చేవారమా? ఆ రాత్రికే స్పెషల్ మీటింగు పెట్టేవారము. సంఖ్యాకాండము 8:24–26లో లేవీయుడు యాభై ఏండ్లకు బరువు పని మానాలి, తరువాత సహోదరులకు తోడుగా మాత్రము ఉండాలి అని ఉన్నది. యాభై దాటినవారిలో ఈ వ్యాసకర్త ఒకడు గనుక ఈ వచనము మీద ఎక్కువ వ్రాయుట బాగుండదు. అయితే పింఛను గాని, పి.ఎఫ్. గాని లేని స్వతంత్ర సంఘముల కాపరులకు యాభై కాదు, డెబ్బై నిండినా దిగే మెట్టు కనబడదు అన్నది మాత్రము చెప్పవలసినదే.

మిషనరీల కాలములో విశ్రాంతి ఏర్పాటు లేక కాదు. అమెరికన్ మధుర మిషను వారు 1845లోనే కొడైకెనాల్ కొండమీద బంగళాలు కట్టుకున్నారు. వేసవిలో మిషనరీలు కొండలకు పోయేవారు, కొన్ని ఏండ్లకొకసారి స్వదేశమునకు ఫర్లో ఉండేది. ఎండాకాలములో పల్లెలో మిగిలినవాడు తెలుగు ఉపదేశి. విశ్రాంతి దొరల అవసరముగాను, ఓర్పు మనవారి గుణముగాను ఎంచబడింది. దొరలు వెళ్ళిపోయిన తరువాత వారి కుర్చీ, వారి గంట, వారి కమిటీలు మనకు సంక్రమించాయి గాని వారి సెలవు మాత్రము సంక్రమించలేదు.

చెరువు ఒడ్డున రిట్రీటు

ఇటీవల పరిస్థితి మారుతున్నదని కొందరంటారు. నిజమే, శామీర్‌పేట చెరువు చుట్టుపట్ల, కరీంనగర్ రోడ్డు పొడవునా రిసార్టులు, రిట్రీటు స్థలములు వెలిశాయి. నగరములోని పెద్ద సంఘములు తమ నాయకులను అక్కడికి తీసుకువెళ్తున్నాయి. తప్పు పట్టనక్కరలేదు. కాని కార్యక్రమ పత్రిక చూడండి. ఐదున్నరకు ప్రాతఃకాల ధ్యానము, తరువాత నాలుగు సెషన్లు, గుంపు చర్చ, రాత్రి సాక్ష్యములు. దూత బదరీ వృక్షము క్రింద ఏలీయాకు సెషన్లు పెట్టలేదు. నిద్రపోనిచ్చాడు, రొట్టె పెట్టాడు, మళ్ళీ నిద్రపోనిచ్చాడు, మళ్ళీ రొట్టె పెట్టాడు. ఉపదేశము తరువాత హోరేబులో వచ్చింది, దానితోకూడ ఎలీషా అనే సహాయకుడు కూడా వచ్చాడు.

యూదా పండితుడు అబ్రహాం హెషెల్ 1951లో ప్రచురించిన గ్రంథములో సబ్బాతు పరిశుద్ధ స్థలము కాదు, పరిశుద్ధ కాలము అని వాదించాడు. ఈ వాదన మనకు మేలైనది. విశ్రాంతి ఒక స్థలమైతే అది అద్దె కట్టగలిగినవానికే దొరుకుతుంది. అది కాలమైతే రేకుల షెడ్డులోని కాపరికి కూడా దొరకవలసినదే. అమెరికా ప్రెస్బిటేరియన్ కాపరి యూజీన్ పీటర్సన్ 1987 నాటి తన గ్రంథములో కాపరి సబ్బాతును ప్రార్థన, ఆట అను రెండింటిగా వివరించాడు. చక్కని మాటే. అయితే పీటర్సన్‌కు ఒకే సంఘము, స్థిరమైన జీతము, పోయి నడువదగిన అడవి ఉన్నాయి. వాల్టర్ బ్రూగ్గెమాన్ 2014లో సబ్బాతును ఫరో ఇటుకల లెక్కకు ఎదురు నిలుచుటగా చదివాడు. ఇటుక బట్టీల మధ్య సంఘములున్న మనకు ఈ మూడవ గ్రంథమే దగ్గరగా తోస్తున్నది. ఎందుకనగా అది ప్రశ్నను వ్యక్తి అలవాటు నుండి ఏర్పాటు వైపునకు త్రిప్పుతున్నది.

అమ్మగారి సంగతి

నిర్గమ 20:10లోను, ద్వితీయోపదేశకాండము 5:14లోను విశ్రాంతి దినమున పని చేయకూడనివారి జాబితా ఉన్నది. నీవు, కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువులు, పరదేశి. ఎద్దు ఉన్నది, గాడిద ఉన్నది. భార్య పేరు లేదు. ఆమె నీవు అన్న మాటలోనే ఇమిడియున్నది అని వ్యాఖ్యాతలు చెప్తారు, అది సరియైన వివరణమే. కాని మన ఆచరణ చూచినవాడు, ఆమె జాబితాలో లేదు గనుక పని చేయవచ్చునని మనము చదువుకున్నట్లు అనుకుంటాడు. అయ్యగారు సోమవారము విశ్రాంతి తీసుకుంటే ఆ విశ్రాంతికి కాఫీలు కాచేది, వచ్చినవారికి జవాబు చెప్పేది, ఫోను ఎత్తి ఆయన పడుకున్నారు అనేది అమ్మగారు. స్త్రీల కూడిక ఆమెదే, సండే స్కూలు ఆమెదే, ప్రేమవిందుకు బియ్యము కొలిచేది ఆమెయే. ఆమెకు అభిషేకము లేదు, జీతము లేదు, వంతు అంతకన్నా లేదు.

నిర్గమ 23:12లో దాసి కుమారుడును పరదేశియు ఊపిరి తీసుకొనుటకై అని చెప్పుటకు నఫష్ అను అరుదైన హెబ్రీ క్రియ వాడబడింది. పాత నిబంధనలో ఇది మూడు చోట్లనే ఉన్నది. నిర్గమ 31:17లో సృష్టి ముగించిన దేవుని గురించి, 2 సమూయేలు 16:14లో అబ్షాలోము నుండి పారిపోతూ అలసిన దావీదు గురించి. దేవునికి, రాజుకు, దాసి కుమారునికి ఒకే క్రియ. కాపరి విశ్రాంతిని గురించిన ఏ ప్రణాళికనైనా ఈ క్రియతో కొలవవచ్చును. ఆ ఇంటిలో అందరికన్నా తక్కువ గుర్తింపు గలవారికి ఊపిరి దొరికిందా?

నూనె ఎవరు తెస్తారు?

నలభై కుటుంబములున్న స్వతంత్ర సంఘములో రెండవ కాపరిని పెట్టుకొనుట సాధ్యము కాదు. పెద్దలు షిఫ్టులలో ఉంటారు. కనుక ఈ ప్రాంతములో కనబడుతున్న మార్గము ఒకటే, పొరుగు సంఘముల కాపరులు వంతులు కలుపుకొనుట. మేడ్చల్ నుండి శామీర్‌పేట వరకు ఉన్న సంఘములు ఒకదానికొకటి రెండు మూడు కిలోమీటర్ల దూరములోనే ఉన్నాయి. నలుగురు కాపరులు కలిస్తే ప్రతివాడును రెండు నెలలకొక ఆదివారమైనా భార్యాపిల్లలతో వెనుక బల్లమీద కూర్చుండి వాక్యము వినవచ్చు. రాత్రి ఫోనులను వంతు చొప్పున ఒకరే ఎత్తవచ్చు. మిషను సంఘములలో పాస్టరేటు అను ఏర్పాటు ఉన్నది గనుక ఇది వారికి సులభము. మిగిలినవారికి ఇది నమ్మకము మీద ఆధారపడిన సంగతి.

అడ్డము వచ్చేది సిద్ధాంత భేదము అని పైకి అంటాము. అసలు అడ్డము వేరు. వచ్చినవాడు గొఱ్ఱెలను తోలుకొనిపోతాడని భయము. తనకన్నా బాగా ప్రసంగిస్తే ఎట్లా అని భయము. వీటికన్నా చిన్నదిగా కనబడే ప్రశ్న ఇంకొకటి ఉన్నది, పాస్టర్ల సహవాస కూడికలలో ఈ ప్రస్తావన వచ్చిన ప్రతిసారి చర్చ అక్కడే ఆగుతున్నది: ఆ ఆదివారపు కానుక ఎవరిది? అద్దె, స్కూలు ఫీజు ఆ కానుక మీదనే ఉన్నవారికి ఇది చిన్న ప్రశ్న కాదు, దీనిని అల్పబుద్ధి అని కొట్టివేయకూడదు. ద్వితీయోపదేశకాండము 18:6–8లో ఈ ప్రశ్నకే విధి ఉన్నది. వేరొక ఊరినుండి వచ్చి సేవచేసిన లేవీయుడు అక్కడివారితో సమానముగా భాగము పొందాలి, తన స్వంత ఊరిలోని పిత్రార్జితము వలన వచ్చినది అతనికి అదనముగా ఉంటుంది. ఈ మూడు వచనములను ముందు పెట్టుకొని, నాలుగు సంఘముల కానుక లెక్కలను ఒకే బల్లమీద తెరిచి మాట్లాడుట మన సహవాసములలో ఇంకా మొదలు కాలేదు.